తుప్పు, మరమేకు, తీర్పు: ఒక వడ్రంగపు యంత్రం చరిత్ర

చరిత్రకు ఆధారాలనగానే శాసనాలు, తాళపత్రాలు, కైఫీయతులు, దస్తావేజులు మనకు గుర్తుకు వస్తాయి. పనిముట్లను ఆధారాలుగా చదివే అలవాటు మన తెలుగు శాఖల్లో ఇంకా తక్కువే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వెలువడింది. నాగలిని ఒక్క మాటగా వదిలేయకుండా దాని భాగాలన్నింటి పేర్లనూ ఊరూరా అడిగి రాసుకున్న కృషి అది. పనిముట్టును విప్పి చూస్తే పేర్లు దొరుకుతాయని ఆ కోశం నేర్పింది. అలా విప్పి చూస్తే చరిత్ర కూడా దొరుకుతుందని చెప్పడానికి ఈ వ్యాసంలో ఒక యంత్రాన్ని ఎంచుకున్నాం. అది మన నేలమీద పుట్టింది కాదు, అమెరికాలో పుట్టింది. దానిలోని ఒక చిన్న మరమేకు చుట్టూ నడిచిన వ్యాజ్యం వస్తువుల నాణ్యతకు సంబంధించిన న్యాయసూత్రాన్ని మార్చింది. ఆ మార్పు చాలా దేశాలు తిరిగి, చాలా ఏళ్ల తరువాత, మన దేశపు చట్టంలోకి కూడా వచ్చింది. అందుకే ఈ ఎంపిక.

యంత్రం పేరు షాప్‌స్మిత్. రూపకర్త హాన్స్ గోల్డ్‌ష్మిట్. ఆయన జర్మనీలో పుట్టి, నాజీల కాలంలో ఆ దేశం విడిచి 1937లో అమెరికా చేరుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అక్కడి సమాజంలో ఒక కొత్త అవసరం కనిపించింది. యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం ఇళ్ల కొనుగోలుకు రుణాల హామీ ఇచ్చింది. ఊళ్ల శివార్లలో వేల సంఖ్యలో చిన్న ఇళ్లు లేచాయి. బల్ల, బీరువా, తలుపు సొంతంగా చేసుకోవాలనే ఉత్సాహం ఉంది గాని, రంపపు యంత్రం, తరిమెన, బరమా యంత్రం విడివిడిగా కొని పెట్టుకోవడానికి కారు షెడ్డులో చోటు లేదు, చేతిలో అంత డబ్బూ లేదు. గోల్డ్‌ష్మిట్ ఆలోచన అక్కడ మొదలైంది. ఈ పనులన్నింటికీ తిరిగే ఇరుసు ఒకటే అయినప్పుడు, ఇరుసు ఒక్కటి చాలదా?

1947లో మాగ్నా ఇంజనీరింగ్ అనే కాలిఫోర్నియా సంస్థ ఈ యంత్రాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. అమ్మకాలు ఎక్కువగా మాంట్‌గొమరీ వార్డ్ దుకాణాల ద్వారా సాగాయి. మొదట వచ్చిన నమూనాను 10 ఇ అనీ, వెంటనే సవరించి తెచ్చినదాన్ని 10 ఇ.ఆర్. అనీ పిలుస్తారు. ఈ రెండవదే ఎక్కువగా ఇళ్లలోకి వెళ్లింది. 1953లో మార్క్ 5 అనే నమూనా వచ్చి దాని స్థానం తీసుకుంది. అమ్మే పద్ధతి గమనించదగినది. దుకాణంలో ఒక మనిషి నిలబడి, కొయ్యను కోసి, చిల్లు పెట్టి, తరిమెన పట్టి, నునుపు చేసి చూపేవాడు. మన తిరునాళ్లలో కూరగాయలు తరిగే పరికరం అమ్మేవాడు చేసేదీ ఇదే. చేయి తిరిగినవాడి చేతిలో ఏ యంత్రమైనా సులభంగానే కనిపిస్తుంది.

యంత్రపు కట్టుబడి చూద్దాం. రెండు ఉక్కు గొట్టాలు పక్కపక్కన పట్టాల్లా ఉంటాయి. వాటిమీద అటూ ఇటూ జరిగే ఒక పెట్టె ఉంటుంది, దాన్ని హెడ్‌స్టాక్ అంటారు. ఇరుసు అందులోనే ఉంటుంది. 10 ఇ.ఆర్.లో మోటారు బయట ఉండి బెల్టుతో ఇరుసును తిప్పుతుంది. వేగం మార్చాలంటే బెల్టును ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకు మార్చాలి. ఇరుసుకు 8 అంగుళాల రంపపు చక్రం తొడిగితే కోత యంత్రం. 12 అంగుళాల గరుకు కాగితపు పళ్లెం తొడిగితే నునుపు పట్టే యంత్రం. బరమా బిగిస్తే అడ్డంగా చిల్లులు పెట్టవచ్చు. గొట్టాలను ఒక చివరనుంచి పైకెత్తి నిలువుగా నిలబెడితే అదే బరమా పైనుంచి కిందికి దిగుతుంది. ఎదురుగా టెయిల్‌స్టాక్ అనే రెండో ఆధారాన్ని బిగించి, మధ్య కొయ్యను పట్టిస్తే తరిమెన. ఐదు పనులకు ఒకటే ఇరుసు. ఒక పనినుంచి ఇంకో పనికి మారినప్పుడల్లా ఏదో ఒకటి వదులు చేయాలి, ఏదో ఒకటి బిగించాలి. ఈ యంత్రం బలమూ బలహీనతా ఈ బిగింపులోనే ఉన్నాయి.

బిగించేవి ఎక్కువగా తల లేని చిన్న మరమేకులు. మన వర్కుషాపుల్లో వీటిని గ్రబ్ స్క్రూ అంటారు, ఆరు మూలల అలెన్ కీతో తిప్పుతారు. ఇరుసు లావు అంగుళంలో 5/8 వంతు. అంగుళంలో ఎనిమిదో భాగాన్ని హిందీ, మరాఠీ కార్ఖానాల్లో సూత్ అంటారు, మన వడ్రంగులు నూలు అంటారు. రెండు మాటలకూ దారమనే అర్థం. కాబట్టి ఐదు నూళ్ల ఇరుసన్నమాట. మహారాష్ట్రలో చదువుకుంటున్న మన విద్యార్థులు వడ్రంగి దుకాణంలో ఈ మాటను ఒకసారి చెవిన వేసుకుంటే బాగుంటుంది. కొలత ఇంగ్లీషువాడిది, పేరు మనవాళ్లది.

ఇక తరిమెన గురించి కొంత ఎక్కువగా చెప్పుకోవాలి. కథ మలుపు తిరిగింది అక్కడే. తరిమెన మనకు కొత్త కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోనూ, కర్ణాటకలోని చన్నపట్నలోనూ అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కొయ్యకే లక్క ఆనించి రంగు పట్టించే బొమ్మల పని నేటికీ ఉంది. పాత చేతి తరిమెనను వింటితోగాని తాడుతోగాని తిప్పేవారు. తాడు ఒకసారి ఇటు లాగుతుంది, ఒకసారి అటు లాగుతుంది. కొయ్య ముందుకు తిరిగి, ఆగి, వెనక్కి తిరుగుతుంది. మజ్జిగ చిలికే కవ్వం కదలిక కూడా ఇదే. తమిళంలో కడై అనే ధాతువుకు పెరుగు చిలకడం అనే అర్థమూ, తరిమెన పట్టడం అనే అర్థమూ రెండూ ఉన్నాయి. కన్నడంలో కడె అనే మాటకూ అంతే. తమిళనాట చదివే మన విద్యార్థులు కడైసల్ అనే మాట తప్పక విని ఉంటారు. ఒకే కదలికను వంటింట్లోనూ పనిపాకలోనూ చూసిన జాతికి ఒకే మాట చాలింది.

తాడు తరిమెనలో కొయ్యకు పెద్ద వేగం రాదు. పట్టు సడలితే కొయ్య జారి ఒళ్లో పడుతుంది. మోటారు తరిమెనలో అలా కాదు. నిమిషానికి వందల, వేల చుట్లు ఒకే దిక్కున తిరుగుతుంది. వేగం రెట్టింపైతే దానిలో దాగిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అటువంటి కొయ్య పట్టు తప్పితే రాయిలా వచ్చి తగులుతుంది.

కాలిఫోర్నియాలో అదే జరిగింది. గ్రీన్‌మన్ అనే ఆయన షాప్‌స్మిత్‌ను దుకాణంలో చూపించగా చూశాడు, కంపెనీ అచ్చువేసిన కరపత్రం చదివాడు, తన ఇంటి పనిగదికి అది కావాలనుకున్నాడు. 1955 క్రిస్మస్‌కు ఆయన భార్య దాన్ని కొని కానుకగా ఇచ్చింది. 1957లో ఒక పెద్ద కొయ్యదుంగను పానపాత్రగా మలచాలని తరిమెనకు కావలసిన అదనపు భాగాలు కొన్నాడు. ఆ దుంగమీద చాలాసార్లు ఏ ఇబ్బందీ లేకుండానే పనిచేశాడు. ఒకరోజు అది యంత్రంలోంచి ఎగిరివచ్చి నుదుటికి తగిలింది. గాయాలు తీవ్రమైనవి. సుమారు పదిన్నర నెలల తరువాత దుకాణానికీ తయారీదారుకూ రాతపూర్వకంగా తెలియజేసి దావా వేశాడు. తయారీ సంస్థ పేరు యూబా పవర్ ప్రాడక్ట్స్.

నిపుణులైన సాక్షులు కోర్టులో చెప్పిన మాట ఇది: యంత్రభాగాలను పట్టి ఉంచడానికి వాడిన మరమేకులు చాలినవి కావు, యంత్రం మామూలుగా తిరిగేటప్పుడు పుట్టే అదురుకే టెయిల్‌స్టాక్ మెల్లగా వెనక్కి జరుగుతుంది, దానితో కొయ్యకు ఆధారం పోతుంది. ఇంతకంటే గట్టిగా బిగించే మార్గాలు ఉన్నాయనీ, అవి వాడితే ప్రమాదం జరిగేది కాదనీ కూడా వారు చెప్పారు. జ్యూరీ దుకాణాన్ని విడిచిపెట్టి, తయారీదారు 65,000 డాలర్లు చెల్లించాలని తేల్చింది. తయారీదారు అప్పీలుకు వెళ్లాడు. పదిన్నర నెలలు ఆగి నోటీసు ఇవ్వడం ఆలస్యమనీ, హామీ ఉల్లంఘన కింద వేసిన దావా అందుచేత చెల్లదనీ ప్రధాన వాదన.

ఈ వాదన ఎంత బలమైనదో నేటి విద్యార్థికి వెంటనే తట్టకపోవచ్చు. హామీ అనేది ఒప్పందంనుంచి పుట్టేది. ఒప్పందం కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య ఉంటుంది. ఇక్కడ కొన్నది భార్య, వాడింది భర్త, డబ్బు పుచ్చుకున్నది దుకాణం, యంత్రం చేసింది మరొకరు. ఒప్పందం పక్కనపెట్టి నిర్లక్ష్యం మోపుదామంటే, తయారీశాలలో ఎవరు ఎప్పుడు ఏ జాగ్రత్త తీసుకోలేదో గాయపడినవాడు రుజువు చేయాలి. బ్రిటన్‌లో 1932 నాటి ప్రసిద్ధమైన అల్లపు పానీయం సీసాలో నత్త కేసు, ఒప్పందం లేకపోయినా తయారీదారుకు బాధ్యత ఉందని చెప్పింది గాని, నిర్లక్ష్యం రుజువు చేసే భారాన్ని తీసివేయలేదు.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1963 జనవరి 24న తీర్పు ఇచ్చింది. రాసినవారు న్యాయమూర్తి రోజర్ ట్రేనర్. వ్యాపారుల మధ్య పనికివచ్చే నోటీసు నియమాన్ని, తయారీదారు ముఖమే చూడని వినియోగదారుడి మీద రుద్దడం తగదన్నారు. అంతటితో ఆగి ఉంటే ఈ కేసును ఎవరూ గుర్తుంచుకునేవారు కారు. లోపాలున్నాయా అని కొనేవారు పరీక్షించరని తెలిసే వస్తువును బజారులో పెట్టినవాడు, ఆ వస్తువులో లోపముండి దానివల్ల మనిషికి గాయమైతే, ఒప్పందంతోనూ నిర్లక్ష్యంతోనూ నిమిత్తం లేకుండా బాధ్యత వహించాలని ఆయన నిర్ణయించారు. ట్రేనర్‌కు ఈ ఆలోచన కొత్త కాదు. 1944లో హోటల్లో వడ్డించే ఒక స్త్రీ చేతిలో కోకా కోలా సీసా పగిలిన కేసులో ఆయన విడిగా రాసిన అభిప్రాయంలో ఇదే మాట చెప్పారు. అప్పుడు అది ఒక్కరి అభిప్రాయం. పందొమ్మిదేళ్లకు అది న్యాయస్థానం మాటగా మారింది. 1965లో వెలువడిన అమెరికన్ న్యాయసూత్ర సంకలనంలో 402ఎ విభాగంగా స్థిరపడింది. 1985లో ఐరోపా సమాజం ఇదే మార్గంలో తన ఆదేశాన్ని వెలువరించింది.

తీర్పు పాఠంలో ఆ యంత్రం షాప్‌స్మిత్ అని మాత్రమే ఉంది, నమూనా పేరు లేదు. యంత్రపు చరిత్ర రాసేవారు ఈ కేసును ఒక పంక్తిలో దాటేస్తారు. న్యాయశాస్త్రం చదివేవారికి తీర్పు కంఠస్థం, యంత్రం ఎలా ఉంటుందో తెలియదు. రెండింటినీ ఒకచోట చూసే అవకాశం పాత యంత్రాన్ని బాగుచేసేవారికే దక్కుతోంది.

షాప్‌స్మిత్ ఉత్పత్తి 1960ల్లో ఆగిపోయి, 1972లో ఒహాయో రాష్ట్రంలో కొత్త యాజమాన్యం కింద మళ్లీ మొదలైంది. ఈలోగా 10 ఇ.ఆర్.లు కారు షెడ్డుల్లోనూ నేలమాళిగల్లోనూ తుప్పుపట్టాయి. తండ్రో తాతో పోయాక పిల్లలు వాటిని పాత సామాను ధరకు అమ్మేస్తే, ఆసక్తి ఉన్నవారు కొని బాగుచేస్తూ వచ్చారు. ఈ పనిలో ఉన్న పద్ధతిని మేము కొంత వివరంగా చెబుతాం. శిలాశాసనం అచ్చు తీసేముందు రాయిని ఎలా కడగాలో చెప్పడంలాంటిదే ఇది.

మొదట విప్పకూడదు, చూడాలి. ఏ మెట్టుమీద బెల్టు అరిగి ఉందో, ఏ మరమేకు మూలలు గుండ్రంగా అరిగాయో, బల్లమీద రంపపు గాటు ఎక్కడుందో రాసుకుని, ఫొటోలు తీసుకోవాలి. వెనకటి యజమాని ఆ యంత్రంతో ఏ పని ఎక్కువ చేశాడో ఈ గుర్తులే చెబుతాయి. బల్ల నిండా గాట్లుండి టెయిల్‌స్టాక్ కొత్తదానిలా ఉంటే, ఆయన తరిమెన జోలికి పోలేదని అర్థం. ఒకసారి తుడిచేశాక ఈ సాక్ష్యం తిరిగిరాదు.

తరువాత బిగుసుకున్న భాగాలు. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే మరమేకు దాని గుంటలోనే ఇరుక్కుపోతుంది. బలం చూపితే ఆరు మూలలు చెడతాయి. పలుచటి నూనె వేసి రాత్రంతా వదలాలి, మళ్లీ వేయాలి. గుంటలో చేరిన తుప్పును సూదితో తీయాలి. అవసరమైతే చుట్టూ ఉన్న లోహాన్ని కొద్దిగా వేడిచేయాలి. ఈ ఘట్టంలో ఓపిక లేనివారు యంత్రాన్ని పాడుచేస్తారు. మూడు రోజులు పట్టే పనిని మూడు నిమిషాల్లో ముగించాలనే తొందరకు బలైన పెట్టెలు పాత సామాను దుకాణాల్లో కనిపిస్తూనే ఉంటాయి.

తుప్పు వదిలించడానికి రెండు మూడు మార్గాలున్నాయి. చింతపండుతో ఇత్తడి బిందె తోమిన వారికి ఆమ్లం సంగతి చెప్పనక్కరలేదు. వెనిగర్‌లో నానబెట్టడం అదే సూత్రం. నానాక సోడానీళ్లతో కడిగి ఆమ్లాన్ని చంపాలి, లేకపోతే మర్నాటికే కొత్త తుప్పు పుడుతుంది. రెండోది విద్యుత్తు పద్ధతి. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి చాకలిసోడా కలిపి, తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు రుణధ్రువానికీ, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువానికీ కలుపుతారు. కొన్ని గంటల్లో ఎర్రతుప్పు నల్లటి మెత్తని పొడిగా మారి చేతికి ఊడివస్తుంది. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, కనుక గాలి ఆడే చోటే చేయాలి, నిప్పు దగ్గర ఉండకూడదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలో కలుస్తుంది. అల్యూమినియం భాగాలను ఆ తొట్టెలో వేస్తే సోడా వాటినే తినేస్తుంది. పొడవైన గొట్టాలకు తొట్టె చాలదు. లావుపాటి ప్లాస్టిక్ పైపుకు ఒక చివర మూత వేసి నిలబెట్టి వాడతారు.

గొట్టాలను మాత్రం గ్రైండరుతో రుద్దకూడదు. హెడ్‌స్టాక్ వాటిమీద జారాలి, ఎక్కడ ఆపితే అక్కడ కదలకుండా నిలవాలి. ఒక వెంట్రుకవాసి తగ్గినా పట్టు మారుతుంది. నూనె, ఉక్కుపీచు, చివర మైనం చాలు. రంగు విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకు వేసే సీసపు రంగులను 1978లో నిషేధించారు. మన దేశంలో 2016 నాటి నియమాలు 2017 నవంబరునుంచి అమలులోకి వచ్చి సీసాన్ని పదిలక్షల్లో 90 పాళ్లకు పరిమితం చేశాయి. పాతరంగును పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరిలోకి పోతుంది. తడిపి తీయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. అమెరికాలోని తెలుగువారు ఎవరైనా అటువంటి యంత్రాన్ని ఇక్కడికి తెచ్చుకోదలిస్తే మోటారు సంగతి కూడా చూసుకోవాలి. అక్కడి విద్యుత్తు సెకనుకు 60 ఆవర్తాలది, ఇక్కడిది 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది గాని ఆవర్తాలను మార్చదు. మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. ఇక్కడి మోటారు బిగించుకోవడమే మేలు.

ఇప్పుడు మళ్లీ మరమేకు దగ్గరికి రావాలి. తుప్పు వదిలిన యంత్రం ముందు బాగుచేసేవాడికి ఒక చిక్కు ఎదురవుతుంది. పాత మరమేకులనే తిరిగి బిగిస్తే యంత్రం చరిత్రకు నమ్మకంగా ఉంటుంది. ఆ బిగింపు చాలదని సాక్షులు ప్రమాణం చేసి చెప్పిన కుటుంబానికి చెందిన యంత్రం ఇది. మార్చి బిగిస్తే మనిషి భద్రం, ఆధారం మారుతుంది. కొందరు అసలు రూపమే ముఖ్యమంటారు. మేము దీనితో ఏకీభవించం. ప్రదర్శనశాలలో గాజు వెనుక ఉండే యంత్రానికి ఆ నియమం సరిపోతుంది. కరెంటు పెట్టి కొయ్యను తిప్పబోయే యంత్రానికి సరిపోదు. పానపాత్ర చేయబోయిన మనిషి నుదురు ఏ అసలు రూపంకన్నా తక్కువది కాదు. కొలత తెలియక అంగుళపు మరలున్న గుంటలో మిల్లీమీటరు మరమేకును బలవంతంగా దూర్చడం మరీ ప్రమాదం. బిగిసినట్టే ఉంటుంది, మరలు మాత్రం కొసలమీద నిలబడి ఉంటాయి. అదురు మొదలయ్యాక వాటికి పట్టు ఉండదు. మన బజార్లలో దొరికేవి ఎక్కువగా మిల్లీమీటరువే కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాం.

మార్చినవారు మార్చినట్టు రాసిపెట్టడం చరిత్రకారుడు కోరేది. చట్టం దృష్టిలోనూ ఆ కాగితానికి విలువ ఉంది. మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువుకు పరిహారం ఇప్పించింది గాని, తయారీదారు బాధ్యతకు ప్రత్యేక అధ్యాయం అందులో లేదు. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం ఆరవ అధ్యాయంలో ఆ లోటు తీర్చింది. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, ఇచ్చిన హామీకి తగినట్టు లేకపోవడం, వాడే పద్ధతి సరిగా చెప్పకపోవడం, వీటిలో ఏదున్నా తయారీదారు జవాబు చెప్పాలి. హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకున్నా తప్పించుకోలేడు. అదే అధ్యాయం 87వ సెక్షను, గాయమైన సమయానికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మినవారిమీద ఆ దావా నిలవదంటుంది. చన్నపట్నలోనో ఏటికొప్పాకలోనో పాత తరిమెనకు కొత్త మోటారు బిగించి తిప్పే పనివాడికి ఈ రెండు నిబంధనలూ ఒకేసారి వర్తించే రోజు రావచ్చు. అప్పుడు మార్పు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ మరమేకు తీసి ఏది పెట్టారు అనే ప్రశ్నలు పుడతాయి. జాగ్రత్త తెలిసిన బాగుచేతగాళ్లు తీసేసిన పాత మరమేకులను ఒక సంచిలో వేసి, తేదీ, కొలత రాసిన చీటీ కట్టి, యంత్రపు కాళ్ల మధ్యనే వేలాడదీస్తారు.